ఒట్టి తునకలకు ఊపిరాడకపాయె

తెలివి ఎక్కువైతే ఇల్లెట్ల కంపు కొడ్తదో చెప్త, ముక్కు మూసుకొని వినుండ్రి.

అప్పుడు మా చెల్లె స్వప్న కానుపుకొచ్చి ధర్మసాగర్‌ల మా ఇంట్లనే ఉన్నది. ఎనిమిదో నెల, ఏం తిన్నా ఇముడుతలేదు. "అమ్మా, చింతచిగురేసి ఒట్టి తునకలు వండవే" అన్నది. ఉప్పు, పసుపు, కారం పట్టించి ఎండబెట్టే మాంసం తునకలు, మీకెరుకే గదా. అమ్మ వాకిట్ల దండెం మీద ఆరేసి, రెండొద్దులు కాకులను కొట్టుకుంట కావలి కూసున్నది.

"ఇంకో రెండొద్దులు ఎండాలె కొడుకా. అటెన్క పాత బట్టల మూట గట్టి వేలాడదీస్త."

నేనేమో మడికొండల కంప్యూటర్ కొలువు చేసేటోణ్ని. గాలి గుంజి కవర్లకు సీలేసే మిషన్ కొత్తగ తెప్పిచ్చుకున్న.

"పాత బట్టలనా? ఛీ! గాలే దుష్మన్ అమ్మా!"

"లోపల తడున్నదిరా. గాలాడకపోతే ఖరాబైతయి."

"నువ్వు ఫికర్ చెయ్యకు!"

అమ్మ చెల్లెను చెకప్‌కు తీస్కపోంగనే, తునకలన్నీ సీల్ జేసి ఫ్రిజ్ మీద పేర్చిన. లోపల కాదు, మీద! యాడ్‌ల అట్లనే చూపెట్టిండ్రు మరి!

అమ్మ వచ్చి "విప్పురా" అన్నది.

"విప్పితే పాడైతయి. చింతచిగురు దొరకనియ్యి."

వారానికి చిగురు దొరికింది. కవర్లు పూరీల లెక్క ఉబ్బినయి. ఎంత గట్టి సీలో అని మురిసి, చెల్లె ముందర ఒక కవర్‌ను కత్తెరతోటి కోసిన.

అవ్వో! చెల్లె నోరు మూసుకొని బయటికురికింది. చెప్పులు సుత నమిలే వాడకుక్క వాసన జూసి ఎన్కకు మళ్లింది. తునకలన్నీ కుళ్లి జిగట జిగటైనయి. సదివితే ఉన్న మతి పోయిందంటరు, నాకైతే ఉన్న కూర గూడ పాయె!

చెల్లె ఒక్కటే ఏడ్పు. అమ్మ నా మీదికొచ్చింది. "కడుపుతోటున్న పిల్ల అడిగింది పెట్టకపోతే పుట్టేటోళ్లకు చెవులు కారుతయిరా, మొద్దూ!"

మళ్ల మాంసం తెచ్చి ఎండబెట్టింది. కోపానికి నా పెండ్లి పంచె చింపి మూట గట్టింది. ఆ మూట విప్పకముందే మేనకోడలు పుట్టింది.

ఇగ చూడుండ్రి అన్యాయం! ఆ పిల్లకిప్పుడు ఆరేండ్లు. మొన్న ఈత నేర్చుకుంట చెవుల నీళ్లు నింపుకున్నది. దవాఖానల డాక్టరమ్మ "ఎప్పటినుంచి నొప్పి?" అన్నది.

చెల్లె నా దిక్కు వేలు చూపెట్టి, "పుట్టకముందు నుంచే మేడం, మా అన్న పుణ్యం" అన్నది!

అందుకే, చినిగిన నా పెండ్లి పంచె మీద ఒట్టు. అమ్మ ఎండబెట్టినదేదీ ఈ జన్మల ముట్ట. ఇగ సీలేస్తే నా నోటికే ఏస్కుంట.