కిక్‌ఆఫ్‌లో చేతులు కలపడం గురించి

1981 వేసవిలో న్యూజెర్సీలోని ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీముకు నన్ను ఆర్థోపెడిక్ కన్సల్టెంట్‌గా తీసుకున్నారు. అప్పటికి మేము పార్సిప్పనీలో ఉండేవాళ్ళం, దగ్గర్లోని ఆసుపత్రిలో ఎముకలు అతికించడం నా పని. లీగ్ చిన్నది, ఇప్పుడు లేదు. అమెరికా ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తడమని మాత్రమే నాకు తెలుసు. హోదాలో టీమ్ ఫిజీషియన్ నాకు పైవాడు. అయినా సీజన్‌కు ముందు ప్రతి ఆటగాడి మెడా భుజాలూ మోకాళ్ళూ చూసి, ఆడవచ్చని సంతకం పెట్టవలసింది నేనే.

రెండో సీజన్ అయ్యాక ఆ సంతకం నా మెడకు చుట్టుకుంది. కారణం డెన్నిస్ అనే ఆటగాడు. అతని పని కిక్‌ఆఫ్ ఒక్కటే. ఆట మొదట్లోనూ, పాయింట్లు వచ్చిన ప్రతిసారీ ఒక టీము బంతిని దూరంగా తన్నుతుంది. అవతలి టీము దాన్ని పట్టుకుని ఎదురు పరుగెత్తుకొస్తుంది. బంతి పట్టినవాడి ముందు నలుగురు భారీ మనుషులు చేయీ చేయీ పట్టుకుని గోడ కట్టుకుని వస్తారు. దాన్ని వెడ్జ్ అంటారు. తన్నిన టీము తరఫున డెన్నిస్ మైదానం అంతా పరుగెత్తి వెళ్ళి ఆ గోడను ఒంటితో పగలగొట్టాలి. సీజన్ చివర్లో అలా గుద్దుకున్నాక అతని కుడిచెయ్యి మంటెత్తి మొద్దుబారింది. మెడ నరం లాగితే అలా అవుతుంది. బలం తిరిగి రావడానికి చాలా వారాలు పట్టింది.

ఆ వసంతంలో లీగ్ రూల్స్ కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది: కిక్‌ఆఫ్‌లో చేతులు కలిపి గోడ కట్టడం నిషేధించాలని. వైద్యుల తరఫున మాట్లాడమని నన్ను పిలిచారు. సంగతి తెలిసి డెన్నిస్ నా క్లినిక్‌కు వచ్చాడు. నేను సంతోషిస్తాడనుకున్నాను.

"ఆ గోడ తీసేస్తే నన్నెందుకు ఉంచుకుంటారు డాక్టర్? నాకు వచ్చిన పని అదొక్కటే," అన్నాడు.

గోడ ఉంటే సంతకం పెట్టలేనని చెప్పేశాను. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. రూల్ మారితే టీము తీసేస్తుంది, మారకపోతే నేను తీసేయాలి. ఎటు చూసినా అతని పొట్ట కొట్టడమే. నాకు అన్నం సహించలేదు.

ఆ వారాంతంలో ఇంట్లో గోడ మీద టీము ఆటల ఫిల్మ్ వేసి చూస్తున్నాను. మా ఆవిడ సుశీల కూడా డాక్టరే, ఎనస్థీషియా ఇస్తుంది. కాఫీ తెచ్చి కాసేపు నిలబడి చూసింది.

"ఇదేంటండీ, మీ కాలేజీ చెడుగుడులాగే ఉందే. మీ కాలర్‌బోన్ ఇలాగే కదా ఫ్రాక్చర్ అయింది? చేతులు లాక్ చేసుకుని పడితే ఎక్కడ ఆన్చుకుంటారు?" అంది.

నిజమే. కూతకు వచ్చినవాణ్ణి పట్టడానికి మేమూ చేతులు కలిపి గొలుసు కట్టేవాళ్ళం. గొలుసు కూలినప్పుడు విరిగింది నా ఎముకే గాని కూతగాడిది కాదు. అంతదాకా నేను డెన్నిస్‌నే చూస్తున్నాను. ఫిల్మ్ వెనక్కి తిప్పి ఈసారి గోడలో ఉన్నవాళ్ళను చూశాను.

కమిటీ విమానాశ్రయం పక్కన ఒక హోటల్లో కూర్చుంది. టీముకొక కోచ్, కోచ్‌కొక ఓటు. మార్పు నెగ్గాలంటే మూడింట రెండు వంతులు కావాలి. సలహాదారుడికి ఓటు లేదు. మెడ నరాల గురించి నేను చెప్పినదంతా మర్యాదగా విన్నారు. మా హెడ్ కోచ్ కెలహర్ లేచి, గోడ పగలగొట్టే పని ఆటగాళ్ళు ఇష్టపడే చేస్తారని, చేసేవాళ్ళు గేటు బయట క్యూలో ఉన్నారని అన్నాడు. చాలా తలలు ఊగాయి. పని చెడిందనుకున్నాను.

అప్పుడు, అనుమతి అడిగి, కెలహర్‌నూ మరో ఇద్దరు కోచ్‌లనూ తివాచీ మీద వరసగా చేతులు పట్టుకుని నిలబడమన్నాను. "చేతులు వదలకుండా మోకాళ్ళ మీదకు పడి చూడండి," అన్నాను. వాళ్ళు నవ్వుకుంటూ ముందుకు ఒరిగారు. మోకాళ్ళు నేలకు తాకకముందే ముగ్గురూ చేతులు లాక్కుని నేలకు ఆన్చారు.

"పరుగు మీద గుద్దుకున్నప్పుడు అలా లాక్కోవడానికి వ్యవధి ఉండదు. పోయిన సీజన్‌లో మీ గోడల్లో భుజాలు జారినవాళ్ళనూ కాలర్‌బోన్లు విరిగినవాళ్ళనూ ఒకసారి గుర్తు చేసుకోండి," అన్నాను.

కెలహర్ మోకాళ్ళు దులుపుకుంటూ గోడలో నిలబడే తన ముఖ్యమైన సెంటర్ ఆటగాడి పేరు గొణిగాడు. భుజం జారి అతను సగం సీజన్ ఆడకుండా కూర్చున్నాడు. పక్కాయన మరో పేరు చెప్పాడు. రెండు వంతులకు ఒక ఓటు ఎక్కువే పడింది. అందులో కెలహర్ చెయ్యి కూడా లేచింది.

వేసవి శిక్షణలో డెన్నిస్ చేతి బలం సరిగ్గా ఉంది. గోడ లేదు కాబట్టి సంతకం పెట్టాను. ఇక అతని ఉద్యోగం కెలహర్ చేతిలో ఉంది. టీములో ఉండేవాళ్ళ చివరి జాబితా అంటించిన రోజు నేను ఫోన్ చేయడానికి కూడా జంకాను. అతనే చేసి, జాబితాలో తన పేరు ఉందన్నాడు. గోడ పోయాక సందుల్లోంచి దూరి బంతి పట్టినవాణ్ణి అందుకోవడానికి వేగంగా పరుగెత్తేవాళ్ళు కావలసి వచ్చారట. టీములో అందరికన్నా వేగం అతనిదే. ఫోన్ పెట్టేసి హమ్మయ్య అనుకున్నాను. ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకున్నాను.

అతను ఇంకా మూడు సీజన్లు ఆడి, రెండు చేతులూ బాగుండగానే మానేశాడు. ఆ తర్వాత నేను చాలా కమిటీల్లో కూర్చున్నాను. బదులు దొరికే మనిషి మెడ గురించి చెబితే ఎవరూ రూల్ మార్చరు. అందుకని ఎవరి ఓటు కావాలో వాళ్ళు వదులుకోలేని మనిషి భుజంతోనే మొదలుపెట్టేవాణ్ణి.