పొయ్యికో పోగు

ఆ రోజుల్లో నాకు ఒంటి మీద ఖాకీ చొక్కా కొత్త, ఒంట్లో పొగరు అంతకంటే కొత్త. కొనకనమిట్ల మెట్ట పొలాల్లో గొర్రెల వెంట తిరిగి పెరిగినదాన్ని పరీక్ష రాసి ఫారెస్టు బీట్ ఆఫీసర్‌నయ్యానంటే మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు (గొర్రెలకు కూడా చెప్పాడని మా అమ్మ అంటుంది). పెద్దారవీడు మండలంలో, నల్లమల కొండ కింద ఉన్న ఒక ఊళ్ళో పోస్టింగ్. అడవిని కాపాడింది తక్కువ, అడవి గురించి ఉపన్యాసాలు దంచింది ఎక్కువ. చేరిన నెలలోనే బడి ముందు మైకు పెట్టించి, "దుప్పిని చంపినవాడే కాదు, దాని కూర తిన్నవాడూ నేరస్తుడే, జైలుకు పోవాల్సిందే!" అని గొంతు చించుకున్నాను. ఊరు చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేను అద్దెకున్న ఇంటి యజమాని.

ఆయన్ని ఊరంతా పోగుల మామ అనేవారు. ఆ ఊళ్ళో పొట్టేలును కోస్తే తూకం రాళ్ళు ఉండవు. విస్తరాకులు పరిచి మాంసం కుప్పలుగా వేస్తారు, పొయ్యికి ఒక పోగు చొప్పున. ఏ పొయ్యినైనా మరిచిపోయారంటే ఆ ఇంటిని వెలేసినట్టే లెక్క. ఎముక, కండ, కొవ్వు చేత్తోనే సమంగా పంచడంలో మామను మించినవాడు లేడు. అయితే నేనున్న గది ఆయన ఇంట్లోదే కాబట్టి నన్ను వేరే పొయ్యిగా ఎవరూ లెక్కపెట్టలేదు. మూడు నెలల్లో మూడు పొట్టేళ్ళు తెగాయి, నా గడప ఒక్క ముక్కా తొక్కలేదు. నాకు రోషం పొడుచుకొచ్చి, మామ భార్య దగ్గర ఏకరువు పెట్టాను. "ఏం అత్తా, నా పొయ్యి పొయ్యి కాదా? నేను ఈ ఊరిదాన్ని కాదా?" అత్త పాపం నొచ్చుకుని మొగుణ్ణి చెడామడా తిట్టింది. "ఆడబిడ్డ ఉసురు తగుల్తాది. ఈసారి మరిచినావంటే నీకు కూడు పెట్టను చూడు!"

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే అత్త గిన్నె నిండా మాంసం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా ఆనందం ఏం చెప్పను! ఊరు నన్ను కలుపుకుందని మురిసిపోతూ అల్లం వెల్లుల్లి నూరి కూర వండి, రెండు ముక్కలు తిని, మూడోది సగం కొరికి మింగి, మిగతా సగం నోట్లో పెట్టుకుని గుమ్మంలోకొచ్చాను.

"అత్తా, పొట్టేలు ఇంత మెత్తగా ఉండాదేంది?"

"పొట్టేలని ఎవరు చెప్పినారు పాపా? దుప్పి! మీ మామ కందిచేన్లో ఉచ్చు వేసినాడు. ముందు నీ పోగు ఎత్తిపెట్టినాకనే మిగతావాళ్ళకి పంచినాడు, కావాలంటే అడుగు."

నోట్లో ముక్క మింగాలా, ఉమ్మాలా? మింగేశాను (చట్టం ప్రకారం అది మొదటి నేరం కాదు, మూడోది). మామను నిలదీస్తే ఆయన తెల్లబోయాడు.

"నువ్వేగా కోడలా పోగు అడిగినావు?"

"మైకులో అంత చెప్పినాను కదా మామా! చప్పట్లు కూడా కొట్టినావే!"

"బాగా మాట్లాడినావు, కొట్టినాను. అది మీటింగు. ఇది కూర." అంతలోనే ఆయన ముఖం మారింది. "రెండెకరాల కంది మేసిపోయినాయి. అప్పుడు యాడికి పోయినాది నీ చట్టం?"

నష్టపరిహారం అర్జీ నేనే రాస్తాను గానీ, ఉచ్చు వేయడం మాత్రం తప్పేనన్నాను. ఈలోగా పెద్దలు నలుగురు చేరారు. "ఇంటి సంగతి రేంజి ఆఫీసు దాకా దేనికి? తప్పు కింద వాని చేత ఒక పొట్టేలు కోయించి ఊరంతా పంచుదాం. నీకు రెండు పోగులు" అన్నాడు ఒక తాత. చంపినందుకు శిక్ష ఇంకోదాన్ని చంపి తినడమా అని నేను నవ్వితే, ఆయన నవ్వకుండా అన్నాడు: "కేసు పెట్టు. నువ్వూ తిన్నానని రాస్తావా మరి?"

అక్కడ పడింది దెబ్బ. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. తిన్నానని రాస్తే ఉద్యోగం పోవచ్చు. అది దాచి మామ ఒక్కడి మీదే కేసు రాస్తే, అన్నం పెట్టిన ఇంటిని జైలుకు పంపి నేను దొరసానిలా తిరగాలి. అసలు కేసే రాయకపోతే రేపట్నుంచి ఆ అడవికి దిక్కెవరు? నాయనకు ఫోన్ చేసి "తినేసినాను నాయనా" అని బావురుమన్నాను.

"తెలిసి తిన్నావా?"

"లే."

"అట్లనే రాయి. ఉద్యోగం పోతే మన గొర్లు యాడికీ పోలే."

రాశాను. రెండున్నర ముక్కలు తెలియక, చివరి అర ముక్క తెలిసి మింగానని కూడా రాశాను. మా రేంజి ఆఫీసర్ అది చదివి నెత్తి పట్టుకున్నారు. "నిన్ను సాక్షుల్లో వేయాలా, ముద్దాయిల్లో వేయాలా తల్లీ?" చివరికి సాక్షుల్లోనే వేసి, నా చేతికొక మెమో ఇచ్చి, నా కూరకు సీలు వేసి ల్యాబుకు పంపారు. మామను అరెస్టు చేశారు, బెయిల్ వచ్చింది. ఆ తర్వాత మార్కాపురం కోర్టు వాయిదాలకు ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్ళం. మాటలు లేవు గానీ, నాకు కిటికీ పక్క సీటు వదిలేవాడు.

నన్ను బోనులో నిలబెట్టిన రోజు మామ తరఫు లాయరు, "మీరూ తిన్నారు కదా! ఎలా ఉందేమిటి?" అని వెటకారంగా అడిగాడు.

"బాగుంది సార్. బాగుండబట్టే చట్టం కావాల్సి వచ్చింది."

కోర్టు ఘొల్లుమంది. ఆ నవ్వులోనే మామ చేతులు కట్టుకుని, "ఇంగ చాలు సార్. ఆ బిడ్డ తన మీదికొచ్చేదే దాచలే. నేను దాచేదేంది? ఉచ్చు నాదే" అన్నాడు. ఆయనకు కొన్ని నెలల జైలుశిక్ష పడింది. ఆయన్ని జైలుకు పంపాననే బాధ ఒకవైపు, అటువంటి మనిషి కోడలా అని పిలిచినందుకు గర్వం ఒకవైపు. ఆయన లోపలున్న నెలల్లో సాయంత్రాలు అత్తతో కలిసి కందిచేనుకు కాపలా కాసింది నేనే. యూనిఫాం వేసుకుని, రేకుడబ్బా వాయిస్తూ దుప్పుల్ని అడవిలోకి తోలుతుంటే ఊరు కడుపుబ్బ నవ్వింది. ఆ ఏడు కంది దక్కింది. మళ్ళీ ఆ చేన్లో ఉచ్చు పడలేదు.

ఇప్పుడు నేను సెక్షన్ ఆఫీసర్‌ని. సర్వీసు రిజిస్టర్‌లో ఆ మెమో ఇంకా ఉంది. కొత్తగా చేరిన పిల్లలు ఏమిటి మేడం ఇది అని అడిగితే, ప్రశంసాపత్రం చూపించినట్టు చూపిస్తాను. ఈ రోజు అదే జరిగితే ఏం చేస్తానని ఒక్కోసారి నన్ను నేనే అడుగుతుంటాను. రాస్తాను, తప్పకుండా రాస్తాను. కాకపోతే ఇప్పుడు నాకు తెలివి పెరిగింది కదా, ఆ చివరి అర ముక్క సంగతి మాత్రం రాయనేమో.