అటుక మీద మాగిన రీలు

ఒక్క ఫొటో తీసి ఒక ఇంటికి ఎంత నష్టం చేయవచ్చో తెలుసుకోవాలంటే నా దగ్గరికి రండి. ఆ విద్యలో గద్వాల మొత్తానికీ నన్ను మించినవాడు లేడు.

యుద్ధం రోజులు. నాకు ఇరవై ఏళ్ల వయసు, ఒక డబ్బా కెమెరా, ఆ రెండింటినీ మించిన గర్వం ఉండేవి. కెమెరాలో వేసే రీలు మాత్రం ఎక్కడా దొరకడం లేదు. రాయచూరు దుకాణదారు వెతికి వెతికి ఒకటి తీసి, దీని తేదీ ఎప్పుడో దాటిపోయింది, వద్దనుకో నాయనా అన్నాడు. నేను వింటానా? పాత బియ్యం, పాత బెల్లం, పాత చింతపండు తిని పెరిగినవాణ్ణి. మా ఇంట్లో ఏది పాతబడినా దానికి మర్యాద పెరిగేది. రీలు మాత్రం ఎందుకు చెడుతుందిలే అనుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. మా అమ్మ జొన్న విత్తనాలకు పురుగు పట్టకుండా, పొయ్యి పొగ తగిలేలా అటుక మీద దాచేది. రీలునూ తీసుకెళ్లి వాటి పక్కనే పెట్టాను. విత్తనాన్ని కాపాడే పొగ రీలును కాపాడదా అని నా శాస్త్రం. ఎండాకాలమంతా అది అక్కడే మాగింది. నవ్వండి, అప్పుడు నేనూ నవ్వుతూనే ఉన్నాను.

అయిజ దగ్గరి పల్లెలో మా సాయమ్మ పెద్దమ్మ ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు, బాలయ్య. వాడు ఫౌజులో చేరాడు. రైలెక్కే ముందు రోజు వాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"వాని మొకం జర తీసియ్యి బిడ్డా. ఊకె చూసుకుంట," అంది.

రీలంతా వాడి మీదే ఖర్చు చేశాను. నిలబెట్టి, కూర్చోబెట్టి, రుమాలు చుట్టి, విప్పి, పెళ్లికొడుకును చేసినంత హడావిడి చేశాను. పెద్దమ్మ కెమెరా వైపు చూడనేలేదు. వాణ్ణే చూస్తూ నిలుచుంది.

వాడు వెళ్లిపోయాక రీలు కడిగించి తెచ్చి చూస్తే అంతా బూడిద రంగు. ఒక్కదాంట్లో ఏదో ఆకారం ఉంది గాని, మనిషో మూటో తెలియదు. పెద్దమ్మ అడిగినప్పుడల్లా రాయచూరులో వానలన్నాను, కడిగే మందు దొరకడం లేదన్నాను, దుకాణదారు కూతురి పెళ్లన్నాను. లేని ఆ కూతురికి రెండుసార్లు పెళ్లి చేశాను. పాపం పెద్దమ్మ, నిమ్మళంగానే తెమ్మనేది.

ఒకరోజు బాలయ్య ఇక రాడని కబురు వచ్చింది.

ఆ తర్వాత ఏ అబద్ధమూ నోటికి రాలేదు. ఆ ఒక్క ఫొటో పట్టుకుని ఏడుస్తూ ఆ పల్లెకు నడిచాను. పెద్దమ్మ దాన్ని వెలుగుకు పెట్టి చూసింది. కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. రీలు పాతదని, తప్పు నాదని చెప్పబోయాను. చెప్పనివ్వలేదు.

"నువ్వేం చేస్తవు బిడ్డా. వాడు చిన్నగున్నప్పటి సంది గంతే. ఒక్కతాన కుదురుగ నిలబడితె గద," అంది.

ఆ రోజు బాలయ్య రెప్ప కూడా కదపకుండా నిలబడ్డాడు. ఆమెకూ తెలుసు.

ఇంటికొచ్చి కెమెరా మీద చెయ్యి పెట్టి, ముక్కోటి దేవతల సాక్షిగా ఒట్టేశాను, తేదీ దాటిన రీలు జన్మలో ముట్టనని. ఆ ఒట్టు నిలబెట్టుకోవడం ఏమీ కష్టం కాలేదు. కెమెరానే మళ్లీ ముట్టలేదు.