చేమంతి వద్దన్నాను

కెనడాలోని సార్నియాలో చదువుకునే రోజుల్లో ఒక టాటూ షాపులో పార్ట్‌టైం చేశాను. నా పనల్లా ఫోన్లు ఎత్తడం, అపాయింట్‌మెంట్లు రాయడం, బల్లలు తుడవడం. ఒక ఇంటి బేస్‌మెంటులో మేం ఆరుగురం అద్దెకి ఉండేవాళ్ళం. అక్కడ మాత్రం సూది పట్టేది నేనే అన్నంత బిల్డప్ ఇచ్చేవాణ్ణి. టాటూల గురించి ఎవడేం అడిగినా తెలియదన్న మాట నా నోట రాలేదు.

షాపు ఓనరు ఒక పెద్దావిడ. జపాన్ సంప్రదాయపు బొమ్మలు వేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఏటికి ఎదురీదే చేపలు, డ్రాగన్లు, అలలు, పూలు అన్నీ ఆవిడ గీసిన పుస్తకంలో కౌంటర్ మీద ఉండేవి. వాటి అర్థాలు వేరే నోట్‌బుక్కులో రాసి సొరుగులో పెట్టింది. కస్టమర్లు అడుగుతారు, చదువుకోమని చేరిన రోజే చెప్పింది. నేను ఆ సొరుగు తీస్తే ఒట్టు. రూములో మాత్రం ఆ నోట్‌బుక్కంతా చదివేశానని చెప్పుకున్నాను.

మా రూములో కరీంనగర్ కుర్రాడొకడు ఉండేవాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. వాడి చెల్లెలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకరోజు క్లాసు అవగానే నేరుగా షాపుకొచ్చాడు.

"అన్నా, మా చెల్లె నూరేండ్లు బతకాలె. గట్ల అర్థమొచ్చేది ఒకటి ఏపిచ్చుకుంట. ఏదో నువ్వే చెప్పు."

పుస్తకం తిరగేస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగాడు. "ఇది చేమంతి లెక్కనే ఉన్నది గదా. చెల్లెకు మస్తు ఇష్టం."

"చేమంతి ఏంట్రా, పూజకి కొనుక్కునే పువ్వు. అదెవడైనా చేతిమీద వేయించుకుంటాడా?" అని నవ్వేశాను. "చెర్రీ పూలు వేయించుకో. నిండు నూరేళ్ళకి జపాన్లో అదే గుర్తు."

ఎక్కడా చదవలేదు. ఎవరూ చెప్పలేదు. చూడ్డానికి బాగుందని అనేశాను. సూది పెట్టేముందు ఓనరు, దీని అర్థం తెలుసా అని వాణ్ణి అడిగింది. వాడు నా వైపు చూశాడు. తెలుసు, అంతా నేను చెప్పానని వాడి బదులు నేనే జవాబిచ్చాను. అంత పొగరు నాకు.

ఆదివారం పొద్దున వీడియో కాల్లో చెల్లెలికి చెయ్యి చూపించి మురిసిపోయాడు. బాగుందన్నా అంది ఆ అమ్మాయి. మరుసటి ఆదివారం వాడు ఫోన్ చేసేసరికి ఆమె ముఖం వేరేగా ఉంది. నేను పక్కనే కూర్చుని ఉప్మా తింటున్నాను.

"అన్నా, గా పువ్వు సంగతి నెట్‌ల చూసిన. మంచిగ పూసినప్పుడే రాలిపోతదట. బతుకు చిన్నదని దాని అర్థమట. డాక్టర్ మీకేమన్న చెప్పిండా? నాకు చెప్పకుండ దాస్తున్నరా?"

వాడు నా వైపు తిరిగాడు. ఒక్క మాట చాలు. తప్పు నాదమ్మా, మీ అన్న నూరేళ్ళనుకునే వేయించుకున్నాడు అంటే సరిపోయేది. నేను ప్లేటు పట్టుకుని లేచి, సింకు దగ్గరికి పోయి కుళాయి తిప్పాను.

"పిచ్చిదానా, డాక్టర్ ఏం చెప్పలే. మంచిగున్నదని ఏపిచ్చుకున్న, గంతే" అంటున్నాడు వెనక. నా ఊసే ఎత్తలేదు. ఆ పిల్ల నమ్మలేదు. ఏడుస్తూనే ఫోన్ పెట్టేసింది.

కాసేపటికి వాడే నా దగ్గరికొచ్చాడు. "నువ్వేం మనసుల పెట్టుకోకన్నా. నువ్వు నోట్‌బుక్కుల చూసే చెప్పినవ్ గదా?"

"అవున్రా, అందులో అలాగే ఉంది" అన్నాను.

మర్నాడు షాపులో సొరుగు తీశాను. దీర్ఘాయువుకి గుర్తు చేమంతి అని రాసుంది. వాడికి చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి నోరెలా వస్తుంది?

చదువయ్యాక వాడు కెనడాలోనే ఉన్న లండన్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. ఎత్తితే చెల్లెలు ఎలా ఉందని అడగాలి.