నేను విన్న రిరోరిరో

ఒక పిల్లి ఉసురు పోసుకున్నాను. నవ్వకండి. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తున్నాను, ఇంట్లో కూడా చెప్పలేదు. ఎవరో తెలియని మీకు చెప్పడమే నాకు తేలిక.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆక్లండ్‌కు చాలా దూరంగా దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునేవాణ్ని. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి అక్కడే సెటిలైన ఒక అంకుల్ తన ఇంట్లో నాకు గది ఇచ్చారు. ఆయనకు పిట్టల లెక్కంటే ప్రాణం. ఏటా వసంతంలో ఇంటి వెనక అడవిలో అవే చోట్ల నిలబడి, చెవులు రిక్కించి, ఎన్ని రిరోరిరోలు పాడాయో చెప్పేవారు. ఇక్కడ ఏ పెరట్లోనైనా ఉండే బూడిదరంగు బుల్లిపిట్ట అది. కంటికి ఆనదు, సన్నని పాట మాత్రం వినిపిస్తుంది. ఆయన చెప్పింది నేను రాసుకోవాలి. రాసేవాడు నోరు మెదపకూడదు, వేలు చూపించకూడదు. ఏళ్లపాటు ఒకే చెవి వింటేనే పిట్టలు పెరిగాయో తగ్గాయో తేలుతుందట.

ఆ చెవే పోతోందని రెండో ఏడు నాకు అర్థమైంది. పిట్ట నా నెత్తిమీదే పాడుతుంటే ఆయన సున్నా అన్నారు. సున్నా అనే రాశాను. నియమం కదా అనుకున్నాను. నియమానికి కట్టుబడ్డానా, దాని చాటున దాక్కున్నానా?

ఒక ఉదయం ఆయనే నియమం తప్పారు.

"ఒరేయ్, నీకేమన్నా వినపడిందా?"

అప్పుడే ఒకటి పాడి ఆపింది.

"లేదంకుల్."

"అయితే పోయినట్టేరా. పక్కింటావిడ పిల్లే తినేసుంటది."

ఎందుకలా అన్నాను? పెద్దాయన మనసు నొప్పించలేక అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నా డ్రైవింగ్ పరీక్ష దగ్గరపడింది. నేర్చుకునేవాడి పక్కన ఫుల్ లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చోవాలి, నాకు ఆయనా ఆయన కారే దిక్కు. చెవుడని తేలితే ఆయన లైసెన్స్ తీసేస్తారేమోనని భయపడ్డాను. చెవికీ లైసెన్స్‌కీ సంబంధం లేదని తర్వాత తెలిసింది.

అంకుల్ తన లెక్కలన్నీ తీసుకెళ్లి పక్కింటావిడకు చూపించారు. ఒంటరి ముసలావిడ, ఆయన మాటంటే గురి. పిల్లిని ఎవరికైనా ఇచ్చేద్దామని చూసింది, కానీ ఆ ముసలి పిల్లిని పెంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, సూదిమందుతో దాని ప్రాణం తీయించి, ఖాళీ బుట్టతో తిరిగొచ్చింది. అప్పుడు నేను కారు కడుగుతున్నాను. తల ఎత్తలేదు.

పరీక్ష పాసై ఆక్లండ్ వచ్చేశాను. కొన్నేళ్లకు అంకుల్ ఫోన్ చేశారు. చెవికి మిషన్ పెట్టించుకున్నారట. ఆ వసంతంలోనే రిరోరిరోలు తిరిగొచ్చాయట! పిల్లి పోబట్టే వచ్చాయని పక్కింటావిడకు కూడా చెప్పారట. ఆవిడ "అయితే నేను చేసింది మంచి పనే" అన్నదట.

"సంతోషం అంకుల్" అన్నాను.

నిజం చెబితే ఆవిడకు మిగిలిన ఆ ఒక్క ఓదార్పూ పోతుంది. ఇదీ నా పిరికితనానికి సాకేనేమో, నాకే తెలియదు. పిట్టలు ఎక్కడికీ పోలేదు. పిల్లి వాటిని తినలేదు. ఇక్కడ రాశాక గుండె కొంచెం తేలికపడింది, కానీ ఈ మాట వినాల్సింది మీరు కాదు, ఆవిడ.