కూపే కింద తాతయ్య రేకులు

పోయిన శనివారం ఫ్రావ్ హోల్ట్‌మన్ గారి గ్యారేజీ ఖాళీ చేస్తూ, అటక మీదున్న తుప్పు పట్టిన డబ్బా మూత స్క్రూడ్రైవరుతో ఎత్తాను. లోపల లప్పం. కారు రేకు సొట్ట పడ్డచోట పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేస్తారే, ఆ ముద్ద. ఆరేళ్ళలో అది రాయైపోయింది గాని వాసన మాత్రం అలాగే ఉంది. ఘాటుగా, కాస్త తియ్యగా, ఎక్కువసేపు పీలిస్తే తల తిరిగే వాసన. డబ్బా పక్కనే అరచేతిలో పట్టేంత వినాయకుడు, అదీ లప్పంతో చేసిందే. నాకు పద్దెనిమిది నిండి, డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చి పదిరోజులైంది. అలాంటిది ఆ డబ్బా పట్టుకుని సిమెంటు నేల మీద చతికిలబడి పన్నెండేళ్ళ పిల్లలా ఏడ్చాను. నాన్న బయట ఏవో పెట్టెలు సర్దుతున్నాడు. విన్నాడేమో, లోపలికి మాత్రం రాలేదు.

ఆ పన్నెండో ఏట తాతయ్య మూడు నెలలకని మా దగ్గరికి వచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఆయనది. నలభై ఏళ్ళు రేకు కొట్టీ కొట్టీ కుడి చెవి సరిగా వినపడేది కాదు గాని, ఇంజను చప్పుడు మాత్రం రెండు వీధుల అవతల నుంచి పోల్చేవాడు. నానమ్మ నా చిన్నప్పుడే పోయింది, షెడ్డు బాబాయి చూసుకుంటున్నాడు, ఇక తీరికే గదా అని ఫిబ్రవరిలో జర్మనీలోని మా కొలోన్ వచ్చి, చలికి రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని, రైను నది చూసి, పెద్ద చర్చి చూసి, మామిడికాయల కాలానికి వెళ్ళిపోతానని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండగా మార్చిలో కరోనా వల్ల విమానాలు ఆగిపోయాయి. బడి మూసేశారు. నాన్న ఆఫీసులో కుర్ట్సార్బైట్ అన్నారు, అంటే సగం పని. మిగతా సగం రోజు నాన్న కిటికీ దగ్గర నిలబడేవాడు. ఉగాదికి మామిడికాయ, వేపపువ్వు దొరక్క అమ్మ పచ్చి యాపిల్ ముక్కలూ కాకరకాయ చెక్కూ వేసి పచ్చడి చేసింది. తాతయ్య ఒక్క చెంచా నోట్లో వేసుకుని, ఈ ఏడాది ఎలా ఉంటుందో ముందే తెలిసిపోయిందన్నాడు.

ఖాళీగా కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఇంట్లో కుర్చీలన్నింటికీ మరలు బిగించాడు, తలుపులకి నూనె పోశాడు, గిన్నెలు కడిగే మిషను విప్పి చూసి మళ్ళీ బిగించి, రెండు మరలు మిగిలితే అవి అసలు అక్కర్లేనివని తీర్పు చెప్పాడు. ఆ రాత్రే అమ్మ స్క్రూడ్రైవరు బియ్యం డబ్బాలో దాచేసింది. తర్వాత నుంచి ఆయన తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటివంక చూసుకుంటూ కూర్చునేవాడు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

మూడు వీధుల అవతల ఫ్రావ్ హోల్ట్‌మన్ ఉండేది. ఎనభై ఏళ్ళ ఒంటరి మనిషి, మేము కూరగాయలు తెచ్చిపెట్టేవాళ్ళం. ఆమె భర్త పోయాక అతని కూపే కారు గ్యారేజీలోనే ఉండిపోయింది. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, వెనక్కి జారిన కప్పు, నాన్న కంటే పదేళ్ళు పెద్దది. ఒకనాడు నాన్న ఆమె ముందు ఆ బండిని కాస్త ఎక్కువసేపు చూశాడు కాబోలు, వారం తిరిగేసరికి మా పేరుమీదికి వచ్చింది. బండి అక్కడే ఉంచుకోవచ్చని, తన భర్త పనిముట్లూ వెల్డింగ్ మిషనూ వాడుకోవచ్చని, తను ఆరడుగుల దూరంలో మడతకుర్చీ వేసుకుని చూస్తుంటే మాత్రం ఎవరూ కాదనకూడదని ఆమె షరతు.

నాన్న ఇంజనీరింగ్ చదివేరోజుల్లో హాస్టలు గోడకి ఒక హాట్ రాడ్ బొమ్మ అంటించుకున్నాడట. నేలకి ఆనేంత కిందికి దించిన పాత కూపే, పక్కల ఎర్రటి మంటలు. తాతయ్య ఆయన్ని షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు, చేతికి మసి అంటకూడదని. అలా మసి అంటకుండా పెరిగిన నాన్నకి నలభై ఏళ్ళకి తొలిసారి తండ్రి పక్కన నిలబడి పానా పట్టుకునే అవకాశం వచ్చింది. పట్టుకోవడం రాక మొదటిరోజే వేలు నలగ్గొట్టుకున్నాడు. తాతయ్య చూడనట్టు అటు తిరిగాడు, ఆ మొహంలో నవ్వు నాకు కనబడింది.

ఆ వసంతంలో ఒక్క చుక్క వాన పడలేదు. పొద్దున్నే మడతచపాతీలూ ఫ్లాస్కులో టీ పట్టుకుని ముగ్గురం నడిచి వెళ్ళేవాళ్ళం, దారంతా లిలాక్ పూలవాసన, తలుపెత్తగానే గ్రీజు, తుప్పు, పెట్రోలు కలిసిన చల్లటి వాసన. ముందు నేలరేకు. కార్పెట్ ఎత్తితే కింద రోడ్డు కనబడింది. తాతయ్య కొత్త రేకు కోసి, చెక్కదిమ్మ మీద పెట్టి సుత్తితో వంపు తిప్పుతుంటే ఠంగు ఠంగుమని వీధంతా మోగేది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చప్పుడు చెయ్యకూడదని ఇక్కడి నియమం, అందుకని ఆ రెండు గంటలూ నాకు సుద్దముక్కతో గోడ మీద అక్షరాలు దిద్దించేవాడు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు ఆ గోడ మీద నేర్చుకున్నదే. నేల అయ్యాక తలుపుల కింద, ఆ తర్వాత బ్రేకులు, తర్వాత నాన్న ఆన్‌లైన్‌లో తెప్పించిన పెద్ద కార్బ్యురేటరు, జూలైలో అమ్మ తన మిషను మీద కుట్టిన సీటు కవర్లు. చెర్రీలు తిని గింజలు పాతటైర్లోకి ఊసే పందెంలో ఫ్రావ్ హోల్ట్‌మన్ ఎప్పుడూ గెలిచేది. ఆమె జర్మన్‌లో, తాతయ్య తెలుగులో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. మధ్యలో నేను అనువాదం చెయ్యబోతే ఇద్దరూ విసుక్కునేవాళ్ళు.

నాన్నకి బండి తేలిగ్గా, వేగంగా కావాలి. తాతయ్యకి గట్టిగా కావాలి. ఆయన జీవితమంతా పది టన్నులు వెయ్యాల్సిన చోట పదహారు వేస్తారని తెలిసి కట్టినవాడు. కంపెనీవాడి రేకు బియ్యంపిండి అప్పడంలా ఉందని, రెండు తలుపుల కిందా పొడుగునా నాలుగు మందపాటి పట్టీలు తన చేత్తో వంచి వెల్డింగ్ చేశాడు. ఆ పని అంత అందంగా ఉంటుందని అప్పుడు నాకు తెలియదు, అతుకు ఎక్కడో వేలితో తడిమినా దొరికేది కాదు. ఈ దేశంలో బండికి కంపెనీ పెట్టనిది ఏది తగిలించినా కాగితం ఉండాలని మాకెవరికీ తట్టలేదు. ఆటోనగర్‌లో గట్టిదనానికి ఎవరూ కాగితం అడగరు.

ఆగస్టులో వినాయక చవితికి మట్టి దొరకలేదు. తాతయ్య లప్పం కలిపి, అది గట్టిపడే ఐదు నిమిషాల్లో గబగబా బొజ్జ, తొండం, చెవులు తీర్చాడు. పత్రి కోసం ఫ్రావ్ హోల్ట్‌మన్ తోటంతా తిరిగాం. ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టి, బండి చుట్టూ హారతి తిప్పి, సాయంత్రం నిమజ్జనానికి బకెట్లో వేస్తే దేవుడు కరగలేదు. మర్నాడూ కరగలేదు. తాతయ్య మూడోరోజు తీసి తుడిచి అటక మీద పెట్టి, ఇక్కడ ఈయనకీ విమానం దొరికినట్టు లేదన్నాడు.

తాతయ్యకి మాత్రం దొరికింది. సెప్టెంబరులో ప్రత్యేక విమానం. ఇక్కడ బండి రోడ్డెక్కాలంటే తనిఖీ కావాలి, వెళ్ళేలోపు అది అయిపోవాలని, ఒక్కసారి అందులో కూర్చుని రోడ్డు మీద వెళ్ళాలని తాతయ్య పట్టుబట్టాడు. ప్రయాణానికి రెండురోజుల ముందుకి టెర్మిన్, అంటే వాళ్ళు కేటాయించే సమయం, దొరికింది. బండిని ట్రెయిలర్ మీద తీసుకెళ్ళాం. లోపలికి ఇద్దరికి మించి రానివ్వం అన్నారు; పని చేసింది తాతయ్య, జర్మన్ చెప్పేది నేను, అందుకని నాన్న గేటు బయట ఆగిపోయాడు. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మాస్కు పైన కళ్ళు మెరుస్తున్నాయి.

తనిఖీ ఇంజనీరు బండిని పైకెత్తించి, టార్చి పట్టుకుని చాలాసేపు కింద తిరిగాడు. తాతయ్య వేసిన పట్టీలని వేళ్ళతో తడిమాడు. తర్వాత నాతో మాట్లాడాడు, నెమ్మదిగా, మర్యాదగా, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు. చేత్తో చేసిన ఇలాంటి పని తనకి పని నేర్పిన మేస్త్రీ పోయాక మళ్ళీ చూడలేదన్నాడు. అయితే ఈ పట్టీలకి కాగితాల్లేవు, ఇవి ఎంత బలమో లెక్క చెప్పేవాళ్ళు లేరు, ఇవన్నీ కోసి తీసేసి అసలు రకం రేకులు వేస్తేగాని ఈ బండి రోడ్డెక్కడానికి లేదన్నాడు.

"ఏమంటన్నాడే బుజ్జీ?"

ఇంట్లో జర్మన్ బాగా వచ్చింది నాకొక్కదానికే. ఎల్లుండి ఆయన వెళ్ళిపోతాడు. నేను ఆయన కళ్ళలోకి చూడకుండా, "ఇంత మంచి పని తన గురువు పోయాక చూళ్ళేదంట తాతయ్యా" అన్నాను. రెండో సగం మింగేశాను.

తాతయ్య ఇంజనీరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆ మనిషి తెల్లబోయి, తనూ తలవంచాడు. నంబరు ప్లేటుకి ఇంకో ఆఫీసులో టెర్మిన్ కావాలని, అది ఇప్పట్లో దొరకదని తాతయ్యతో చెప్పాను. ఆ రోజుల్లో ఎవరైనా నమ్మే మాట అదొక్కటే. సాయంత్రం నాన్నకి నిజం చెబితే, "వెళ్ళనీ తల్లీ, సంతోషంగా వెళ్ళనీ" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వీడియోలో ఒకటే ప్రశ్న, బండి రోడ్డెక్కిందా అని. టెర్మిన్ దొరకలేదని నాన్న, ఆఫీసు మూసేశారని నేను, మంచు పడుతోందని అమ్మ వంతులవారీగా చెప్పేవాళ్ళం. పట్టీలు తీసేస్తే సరిపోయేది. నాన్న రెండుసార్లు కోత మిషను ప్లగ్గు పెట్టి, రెండుసార్లూ పీకేశాడు.

ఏప్రిల్లో తాతయ్యకి జ్వరం వచ్చింది. షెడ్డు మీద గదిలో ఒక్కడే పడుకోబెట్టారు, బాబాయి గుమ్మం బయట కూర్చునేవాడు. బండి కదులుతుంటే ఒక్కసారి చూపించమన్నాడు. ఫ్రావ్ హోల్ట్‌మన్ ఇంటి ముందు చిన్న పల్లం ఉంది. అమ్మ స్టీరింగ్ పట్టుకుంది, నాన్న వెనక నుంచి తోశాడు, నేను నాన్న కనబడకుండా ఫోను పట్టుకుని పక్కన పరిగెత్తాను. బండి నిజంగానే పోతున్నట్టుంది. ఫోనులో ఆయన ఊపిరి చప్పుడు వినబడుతోంది.

"చక్రానికి అడ్డం రాయి పెట్టమనవే మీ నాన్నని," అన్నాడు తాతయ్య. "ఇంజను ఆపి నెట్టేటప్పుడు బ్రేకు సరిగా పట్టదు."

నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయనకి కోపం లేదు. దగ్గు ఆగేదాకా ఆగి, మళ్ళీ అన్నాడు.

"ఆ రోజు తనిఖీ ఆయన అంతసేపు మాట్లాడాడు, నువ్వు రెండు ముక్కలు చెప్పావు. మిగతాది ఇప్పుడు చెప్పు."

చెప్పాలనే నోరు తెరిచాను. పట్టీలు తీసెయ్యమన్నారని జ్వరంలో ఉన్న మనిషికి ఎలా చెప్పడం? మళ్ళీ దగ్గొచ్చింది, బాబాయి ఇక చాలన్నాడు. ఆదివారం చెప్తా తాతయ్యా అన్నాను. సరేనన్నట్టు చెయ్యెత్తాడు. శుక్రవారం ఆసుపత్రిలో మంచం దొరికిందని ఫోనొచ్చింది. శనివారం ఇంకో ఫోనొచ్చింది. వెళ్ళడానికి విమానం లేదు. నాన్న వంటింట్లో నిలబడి, అమ్మ ఫోను పట్టుకుంటే, ఆ చిన్న అద్దంలో తండ్రికి దండం పెట్టాడు. అంతకంటే మేము చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

ఐదేళ్ళు ఆ గ్యారేజీ తలుపు మేము పెద్దగా ఎత్తలేదు. ఈ చలికాలం ఫ్రావ్ హోల్ట్‌మన్ పోయింది, ఇల్లు అమ్మేశారు, బండి తీసెయ్యమని కొన్నవాళ్ళు ఉత్తరం రాశారు. అప్పుడు నాన్న కోత మిషను ప్లగ్గు పెట్టి నా చేతికిచ్చాడు. నాలుగు పట్టీలూ నేనే కోశాను. అంత గట్టిగా అతికించాడు మహానుభావుడు, రెండురోజులు పట్టింది. పెద్ద కార్బ్యురేటరు కూడా దించి పాతదే బిగించాం. కొత్త రేకులు వేయించాం, తనిఖీ అయింది, నంబరు వచ్చింది.

పోయిన శనివారం అన్నీ సర్దాక చూస్తే గోడకి తెల్లరంగు వేసేశారు, నా అక్షరాలు లేవు. మడతకుర్చీ లేదు, చెర్రీగింజల టైరూ లేదు. వినాయకుణ్ణి డాష్‌బోర్డు మీద పెట్టి, నాలుగు పట్టీలూ పాతదుప్పట్లో చుట్టి వెనకసీట్లో పడుకోబెట్టాం. నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను, నాన్న పక్కన. ఆ పల్లం దిగి, మలుపు తిరిగి, పెద్దరోడ్డు మీదికి వచ్చాక ఇంజను కుదురుగా పాడుతుంటే, ఆదివారం చెప్తానన్న ఆ రెండో సగం నా నోటికొచ్చింది.

"తాతయ్యా, నీ పట్టీలు తీసేస్తేనే బండి రోడ్డెక్కుతుందన్నాడు," అని చెప్పాను.

నాన్న తన వైపు అద్దం దించుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.