మొప్పల రంగు

కొనేవాళ్లు అడగకముందే సీతాలు చేప మొప్ప ఎత్తి చూపిస్తుంది. వన్ టౌన్ సందు మొగలో నలభై ఏళ్లుగా అదే పీట, అదే కత్తిపీట. పక్క గంపల్లో పాత చేపలు తాజాగా కనబడాలని మొప్పలకు ఎర్రరంగు పూస్తారు. సీతాలు ఏనాడూ పూయలేదు. పాలిపోయిన చేపను తనే పక్కన పడేస్తుంది. కేన్సరని ఆపరేషన్ చేసి సగం కడుపు తీసేశాక, చిన్న గిన్నెలో గంటకింత గంజి తాగుతూ మళ్లీ ఆ పీట మీదే కూర్చుంది. తీసిన గడ్డలో ఏవో గుర్తులు వెతికితే, రోగం తిరగబెడుతుందో లేదో ముందే తెలుస్తుందట. ఆ పరీక్ష బాగా వచ్చిందని మొగుడు పోలారావు చెప్పాడు. చదువురాని సీతాలు నమ్మింది.

ఈ ఉదయం, ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అనూరాధ చేపలకొస్తే, మళ్లీ చూపించుకునే తేదీ ఎప్పుడో చూడమని ఫైలు చేతికిచ్చింది. అనూరాధ చదివి, పరీక్ష కాగితం ఫైల్లోంచి బయటికి తీసింది. “గుర్తులు బాలేవు సీతాలూ. తొందరగా తిరగబెట్టే రకం. మీ ఆయనకు చెప్పారే, ఇదిగో ఆయన సంతకం.” మధ్యాహ్నం గంజి క్యారేజీతో వచ్చిన పోలారావు ముందు సీతాలు ఆ కాగితం పెట్టింది. అతను తల దించుకున్నాడు. “బయపడతావని సెప్పనేదే. పిల్లలూ వద్దన్నారు.” సీతాలు కత్తిపీట కడిగి పక్కన పెట్టింది. “నలబై ఏళ్లు నాను ఎవులికీ రంగేసిన సేప అమ్మనేదు మావా. నువ్వు నాకే అమ్మినావు.”